తెల్లగీత దాకా

మా చెల్లెలి మనవడు ఎల్మేర్
అప్పు కాగితం పట్టుకొచ్చాడు, మూడో పడవకి.
హామీ సంతకం నాది కావాలట.
కలం మూత తీసి ఇస్తూ
ఊరికే అన్నట్టు అడిగాడు:
"తాతా, నీకు గిట్టిందా ఇదంతా?"

ఎనభై నాలుగేళ్ళు నాకు. పేరు వెన్సెస్లావ్ వామాన్చూమో.
చింబోతే రేవులో ఒకప్పుడు
ఆ పేరు చెప్తే ఐసు అరువిచ్చేవాళ్ళు.
ఇప్పుడు మందుల షాపులో
స్పెల్లింగు చెప్పమంటున్నారు.

మా నాన్నది రెల్లు పడవ.
తనే కోసి, తనే ఎండబెట్టి, తనే కట్టేవాడు.
రెండు నెలలకి నీళ్ళు తాగి బరువెక్కేది,
అప్పుడు ఇంకోటి.
మధ్యాహ్నం కూరకి సరిపడా దొరికితే
పడవని గోడకి నిలబెట్టి
దాని నీడలోనే పడుకునేవాడు.
ఆ నిద్ర చూస్తే నాకు ఒళ్ళు మండేది.
అటు సముద్రం నిండా వెండి,
ఇటు ఈయన గురక.

ఇరవై రెండో ఏట అప్పుచేసి మోటారు పడవ కొన్నాను.
అవి నెత్తళ్ళ రోజులు.
వల వేస్తే కాదు, వేద్దామనుకుంటే పడేవి.
పట్టినవి పట్టినట్టే ఫ్యాక్టరీ నోట్లోకి,
అటునుంచి గోధుమరంగు పొడి,
ఎక్కడో ఎవరి దేశపు కోళ్ళకో మేత.
ఊరు ఊరంతా కంపు.
మేం దాన్ని డబ్బు వాసన అనేవాళ్ళం.
దొమితీలా మాత్రం నా చొక్కాలు పెరట్లో విడిగా ఆరేసేది.
రాత్రి నా వైపు తిరిగే ముందు
నిమ్మచెక్క ఒకటి నలిపి దిండు మీద పెట్టుకునేది.
ఒక్క మాట అనలేదు.
ఆ నిమ్మచెక్క చాలదూ.

పడవకి ఒక తెల్లగీత ఉంటుంది బాబూ.
నీళ్ళు దాన్ని దాటకూడదు.
ఒక జూన్ రాత్రి దాటించాను.
నేను పడవలో లేను, అదీ చెప్పాలి,
ఒడ్డున రేడియో పట్టుకుని
"ఇంకో రెండు టన్నులు పడుతుందిరా" అన్నాను.
అవతల నా తమ్ముడు శాంతోస్.
"పడుతుందిలే అన్నా" అన్నాడు.
ఆ గొంతులో ఉన్నది నవ్వో భయమో
యాభై ఏడేళ్ళుగా వింటున్నాను, తేలట్లేదు.
బీమా డబ్బు వచ్చింది.
దాంతో ఇంకా పెద్ద పడవ కొన్నాను.
దానికి వాడి పేరే పెట్టాను.
అందరూ మెచ్చుకున్నారు.

ఇదంతా చెప్పి, గిట్టలేదు అనేస్తాననుకోకు.
దొమితీలాకి మూత్రపిండాలు చెడినప్పుడు
లీమాలో పెద్దాసుపత్రి, వారానికి మూడుసార్లు యంత్రం.
పదకొండేళ్ళు బతికింది.
మా వీధిలోనే అదే జబ్బుతో ఎర్మెలిందా
పదకొండు వారాలు.
ఆ ఏళ్ళలో మా ఆవిడ పేకాట నేర్చుకుంది,
ముక్కలు ఒళ్ళో దాచి నన్ను ఓడించేది,
నిమ్మచెక్క లేకుండా నా పక్కన పడుకుంది.
దాన్ని ఏ పద్దులో రాయను?
నాన్నలా బతికి ఉంటే
ఆ యంత్రానికి డబ్బు ఉండేది కాదు.
తమ్ముడు ఉండేవాడు.
అడిగితే వాడేమంటాడో కూడా తెలుసు నాకు.
"పడుతుందిలే అన్నా" అంటాడు.
అదే నా బాధ.

ఇప్పుడు నాకు వాసన తెలీదు.
ముక్కులో ఏదో నరం చచ్చిందన్నాడు డాక్టరు.
ఫ్యాక్టరీ మీంచి గాలి తిరిగితే
వీధంతా కిటికీలు మూసుకుంటారు,
ఆ చప్పుడుని బట్టి తెలుసుకుంటాను.

సంతకం పెట్టాను.
చెయ్యి వణికి పేరు తోక గీత కిందికి జారింది.
"అది మునిగేదాకా నింపకు" అన్నాను.
వాడు కాగితం వైపు చూశాడు.
"గీతేమిటి తాతా, ఇప్పుడన్నీ సెన్సార్లే" అన్నాడు.

లేవబోతుంటే ఆపి
నా కాలరు దగ్గరికి వాడి తల లాక్కుని అడిగాను,
"ఇంకా వస్తోందా?"
ఊపిరి బిగబట్టి, తల అడ్డంగా ఊపి,
కాస్త వెనక్కి జరిగాక
"సబ్బు వాసన తాతా" అన్నాడు.
తర్వాత సిరా ఆరేదాకా
కాగితం మీద ఊదుతూ నిలబడ్డాడు.